ఖాళీ అయిన ఆరు టేపులు

ఒకామె డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చి కుర్చీలో కూలబడింది. మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టబోయి సగం నీళ్లు ఫైళ్ల మీద ఒలకబోసింది.

"ఫర్వాలేదమ్మా, వాటిని మా బావ ఎలాగూ చదవడు," అంది డిటెక్టివ్.

పక్కన కూర్చున్న బావ రిటైరైన లెక్కల మాస్టారు. ఇప్పుడు డిటెక్టివ్‌కి సహాయకుడు. మరదలి తెలివిని కనబడినవాళ్లందరికీ చెప్పి మురిసిపోవడం ఆయన సొంతంగా పెట్టుకున్న ఉద్యోగం.

వచ్చినామె ఒక శబ్దభాండారంలో కంప్యూటర్లు చూసుకుంటుంది. నలభై ఏళ్లుగా ముసలివాళ్ల దగ్గర కూర్చుని రికార్డు చేసిన పాటలూ కథలూ అక్కడున్నాయి. పాత టేపు చుట్టలు, అంటే స్పూళ్లు, చాలావరకు బూజుపట్టి పాడైపోగా, వాటికి కంప్యూటర్లోకి ఎక్కించిన నకలు ఒక్కటే మిగిలింది. దాన్ని కాపాడడానికి ఆర్నెల్ల కిందట ఆమె లినక్స్‌తో నడిచే ఒక కంప్యూటర్‌కి టేపు లైబ్రరీ అమర్చింది. అది అరలున్న పెద్ద పెట్టె. లోపలి మరచెయ్యి లేబుల్ చూసి కావలసిన టేపు తీసి, దాన్ని రాసి చదివే డ్రైవులో పెడుతుంది. ప్రతి శనివారం ఆ గొంతులన్నీ ఆరు టేపుల్లోకి నకలవుతాయి.

"నిన్న కంప్యూటర్లో పాటలున్న డిస్కు పాడైపోయిందండీ. టేపుల్లోంచి వెనక్కి తెద్దామంటే ఆరూ ఖాళీ! అసలు నేనెప్పుడూ నకలు తీయలేదంటున్నారు డైరెక్టరుగారు. సాయంత్రంలోగా దొరక్కపోతే నన్ను తీసేస్తారు. ఉద్యోగం పోతే పోయింది, ఆ మాట్లాడినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు," అంటూ ఏడ్చేసింది.

గంటలో ముగ్గురూ శబ్దభాండారం మిషన్ గదిలో ఉన్నారు. చల్లటి గది, పంకాల హోరు. టేపు లైబ్రరీ తాళంచెవి గోడ మేకుకు అందరికీ అందేలా వేలాడుతోంది. కంప్యూటరామె ఖాళీ టేపుల్లో ఒకదాన్ని డ్రైవులోకి ఎక్కించి చూపింది.

"ఈ టేపు ఎన్నిసార్లు డ్రైవులోకి ఎక్కింది?" అడిగింది డిటెక్టివ్.

"ఈ లేబుల్ ఇరవయ్యారుసార్లు ఎక్కినట్టు లినక్స్ చిట్టాలో ఉంది. టేపులో కూడా చిన్న చిప్పుంటుంది, తన లెక్క తనే రాసుకుంటుంది." ఆమె ఏదో టైపు చేసి ఉలిక్కిపడింది. "రెండేనా? అంటే నిన్నొకసారి, ఇప్పుడొకసారి!"

డిటెక్టివ్ టేపు బయటికి తీయించి లేబుల్ దగ్గర ముక్కు పెట్టింది. అంచు కొద్దిగా లేచి ఉంది. కింద తెల్లగా ఎండిన పిండి జిగురు. బావ కూడా వాసన చూసి, ఏమీ అర్థంకాకపోయినా గంభీరంగా తలాడించాడు.

అప్పుడే లోపలికి వచ్చిన డైరెక్టరు చిటపటలాడాడు. "ఈ డబ్బా మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు."

"వీడే దొంగ," అని బావ మరదలి చెవిలో ఊదాడు.

వాళ్లు స్పూళ్ల గదికి వెళ్లేసరికి, అందరూ స్పూలు బాబాయి అని పిలిచే పెద్దాయన చిరిగిన అట్టపెట్టెకు కుంచెతో జిగురు రాస్తున్నాడు. మూల పాత యంత్రం మీద ఎవరిదో పాట తిరుగుతోంది.

"ఇది అసలు స్పూలేనా బాబాయిగారూ?" అడిగింది డిటెక్టివ్.

"అమ్మో! అసలుది మిషన్లో పెడతామా? నమిలేస్తే ఏం చేస్తాం? అసలుది బీరువాలో, నకలు మిషన్లో. నలభై ఏళ్లుగా ఇదే పద్ధతి." గట్టిగానే అన్నాడు గాని, కంప్యూటరామె వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

నాలుగింటికి డిటెక్టివ్ అందరినీ మిషన్ గదిలో కూర్చోబెట్టింది.

"ఈమె నకళ్లు తీసింది. లేబుల్ ఇరవయ్యారుసార్లు తిరిగింది, టేపేమో కొత్తది. అంటే పాత టేపుల మీంచి లేబుళ్లు ఊడదీసి కొత్తవాటికి అంటించారు. మరచెయ్యి లేబులే చూస్తుంది కాబట్టి దానికి తేడా తెలియలేదు. అంటించింది పిండి జిగురుతో, ఆ జిగురు వాడేది ఒక్క గదిలోనే. దొంగ అయితే టేపులు ఎత్తుకుపోతాడు, లేబుళ్లు ఇంత పొందిగ్గా అంటించడు. ఇది ప్రేమగా చేసిన పని. బీరువా తెరుస్తారా బాబాయిగారూ?"

పెద్దాయన బీరువా తాళంచెవి బయటికి తీశాడు. "ఆ మరచెయ్యి ఉన్న ఒక్క జత టేపులనే పట్టుకుని ఊపుతుంటే నా ప్రాణం విలవిల్లాడేది. సోమవారం కొత్త టేపులు నకళ్లుగా పెట్టి అసలువి దాచాను. కొత్తవాటిని మిషనే నింపుకుంటుందనుకున్నాను. శనివారం దాకా ఆగుతుందని నాకేం తెలుసు? ఖాళీ అని అరుపులు వినబడేసరికి నోరు పెగల్లేదు. అమ్మాయ్, నీకు అన్యాయం చేశాను."

స్పూళ్ల గది బీరువాలో మెత్తటి గుడ్డలో చుట్టిన ఆరు టేపులు ఉన్నాయి.

"మరదలా, నీ బుర్రకి దణ్ణం!" అన్నాడు బావ, చెమ్మగిల్లిన కళ్లతో.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు," అని డైరెక్టరు బాబాయి మీద విరుచుకుపడ్డాడు.

"ఆగండి సార్," అంది కంప్యూటరామె. "తప్పు నాదీ ఉంది. ఉన్న నకళ్లన్నీ ఒకే పెట్టెలో పెట్టాను. ఈ గది అంటుకుంటే ఆరూ బూడిదే. ఇకనుంచి రెండో జత తీస్తాను, ప్రతి సోమవారం బాబాయి బీరువాలో పెడతారు. ఈ టేపు పెట్టె తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉంటుంది."

డైరెక్టరు మేకు మీది తాళంచెవి తీసి తనే పెద్దాయన చేతిలో పెట్టాడు.

లేబుళ్లు తిరిగి అసలు టేపులకెక్కాయి. మరచెయ్యి మొదటిదాన్ని అందుకుంది. కాసేపటికి ఒక గొంతు వెనక్కి వచ్చింది. అది పడవ నడిపే ముసలావిడది, ఎప్పుడో పోయిన మనిషి.

"రికార్డవుతోందా నాయనా?"

వెంటనే ఒక కుర్ర గొంతు ఉత్సాహంగా పలికింది.

"అవుతోందమ్మా, నువ్వు చెప్పు. ఎక్కడికీ పోదు, జాగ్రత్తగా దాస్తాను."

గదిలో అందరూ స్పూలు బాబాయి వైపు తిరిగారు. నలభై ఏళ్ల కిందటి తన మాట విని ఆయన తాళంచెవి గుప్పిట్లో బిగించి ఏడుస్తున్నాడు.