పేరు పిలవని పిల్లాడు

కొండల నడుమ నరీన్ ఊళ్లో ఆ గురువారం మధ్యాహ్నం నుంచే మంచు దట్టంగా పడుతోంది. వంటింట్లో బాతిష్ ముసలమ్మ నూనె కాచి బోర్సోక్ రొట్టెలు వేయిస్తోంది. గురువారం నూనె వాసన లేస్తేనే పోయినవాళ్ల కడుపు నిండుతుందని ఆవిడ నమ్మకం. ఒక్కో రొట్టెకీ ఒక్కో పేరు చెప్పి పైకి తీస్తోంది.

"ఇది మీ మామయ్యకి. ఇది మా అమ్మకి. ఇదేమో ఇల్గిజ్‌..."

"అత్తయ్యా, ఆ పేరొద్దు!" కోడలు నుర్జాదా గుమ్మంలోంచి కసిరింది. "వాడు మన పిల్లాడు కాదు. పేరు పిలిస్తే వస్తాడు."

"బాగానే ఉంది సంబడం! వాడి మిషన్ కావాలి గానీ వాడికో రొట్టెముక్క పెట్టొద్దా? అయినా ఆకలేసిన పిల్లాడు వంటింటి వాసనకి రాడూ?"

ఇల్గిజ్ కోచ్కోర్ అనే ఊళ్లో పోయిన పసివాడు. వాడు పోయాక వాళ్లమ్మ ఊపిరి మిషన్ని తన చేత్తోనే తుడిచి, నుర్జాదా కూతురు మిరిమ్ కోసం పంపింది. మూడేళ్లుగా, డాక్టర్లు పిల్ల గొంతుకి పెట్టిన రంధ్రంలోకి గాలి కొడుతున్నది ఆ మిషన్ గొట్టమే. డాక్టరమ్మ చెప్పినట్టు మిషన్ని రోజూ కాస్త కాస్త మాన్పిస్తూ వచ్చారు. ఇవాళ మొదటిసారి మిషన్ లేకుండా నిద్రపోవాలి. నిద్రలో పిల్ల ఊపిరి మర్చిపోతే ఏం గతి? తల్లి ప్రాణమంతా ఆ చిన్ని ఛాతీ మీదే ఉంది.

పొద్దు గూకింది. మిరిమ్ నిద్రపోయింది. ఛాతీ లేచింది... దిగింది... తనంతట తనే. నుర్జాదాకి ఏడుపొచ్చింది.

అప్పుడు మంచం అవతల... హుస్స్... హుస్స్...

మిషన్ ఆపేసి ఉంది. ప్లగ్గు నేల మీద పడి ఉంది.

గొట్టం కొస సన్నగా వణుకుతోంది. దాని ముందు తెల్లగా ఆవిరి కడుతోంది... చలిలో పసివాడి నోటి ముందు కట్టినట్టు. నూనె వాసన గదినిండా కమ్మేసింది.

మిరిమ్ కళ్లు తెరవలేదు. గొంతు రంధ్రానికి మూత పెట్టాక తిరిగొచ్చిన బొంగురు గొంతుతో గుసగుసలాడింది.

"అమ్మా... వాడికి ఊపిరాడట్లేదంట. నాది కొంచెం ఇవ్వనా?"

"వద్దు తల్లీ! వద్దు!" నుర్జాదా ప్లగ్గు పెట్టి మిషన్ వేసింది. "ఇదిగో నాయనా... ఇది నీదే. నా పిల్లని వదిలెయ్."

గొట్టం ఊడితే ఇల్లెగిరిపోయేలా మొత్తుకునే మిషన్ అది. ఇప్పుడు మొత్తుకోలేదు. కొసన ఎవరో ఉన్నట్టే మెత్తగా ఆడుతోంది.

బాతిష్ వేడి బోర్సోక్ పట్టుకుని వెనకాలే వచ్చి నిలబడింది. "పేరు పెట్టి పిలువే," అంది మెల్లగా.

"ఇల్గిజ్... తిను నాన్నా." నుర్జాదా రొట్టె అందుకుని గొట్టం ముందుంచింది. మూడేళ్లలో ఒక్క గురువారం కూడా వాడి పేరు ఎత్తనివ్వలేదు. పాపం పసివాడు, ఎంత ఆకలితో ఉన్నాడో!

మరుక్షణం మిషన్ కీచుమని మొత్తుకుంది. గొట్టం కొసన ఎవరూ లేరు.

"వెళ్లిపోయాడు," ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. నుర్జాదా మిషన్ ఆపేసింది.

మిరిమ్ నిద్రలోనే నవ్వింది. "వెళ్లలేదు నాయనమ్మా. వాడూ నేర్చుకుంటున్నాడు... నాతోపాటు."

నుర్జాదా వంగి కూతురి ఛాతీకి చెవి ఆనించింది. ఒక ఊపిరి వినిపించింది. దాని వెనకే, ఇంకా చేతకాక తడబడుతూ, మరొకటి.