అడగకుండా నడిచిన కమాండ్

"మీ కంప్యూటర్ పాడైందా?" అని అడిగింది పేజీలమ్మాయి.

"లేదండీ. బాగానే ఉంది."

"మరి బొమ్మేదీ రాదేం? అంతా నల్లగా ఉంది."

"ఇది కమాండ్ లైన్ అండీ. ఇక్కడ టైపు చేస్తే చాలు, చెప్పిన పని చేస్తుంది."

"ఓహో. మౌస్‌తో మీకేమైనా గొడవా?"

అతను నవ్వలేదు. ఆమె నవ్వుకుంటూ తన కుర్చీలోకి వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా ప్రెస్సులో అందరికీ అతని పేరు నల్లతెర అయిపోయింది.

అది చిన్న ప్రెస్సు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు. వెనక షెడ్డులో అచ్చు మిషను. పేజీలమ్మాయి అక్కడ పుస్తకాలకు పేజీలు కట్టేది. నల్లతెరేమో కంప్యూటర్లు చూసుకోవడానికి కొత్తగా వచ్చాడు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌ది. ఊరికే దొరుకుతుంది. దాని లోపలి రాత ఎవరైనా చదువుకోవచ్చు, తమ అవసరానికి మలుచుకోవచ్చు. ఆమెకు దాని బటన్లన్నీ తెలుసు. అతనికి దాని పేగులు తెలుసు.

ఎక్కువగా వచ్చే పని పిల్లల ఆసుపత్రి వాళ్లది. బిడ్డను ఇంటికి తీసుకెళ్లే తల్లులకు ఇచ్చే చిన్న పుస్తకం. ఒక్కో మందుకు ఒక్కో పేజీ. ఎంత పట్టాలి, ఎప్పుడు పట్టాలి, ఎవరికి పట్టకూడదు. డాక్టర్లు ఏదో ఒకటి మారుస్తూనే ఉంటారు. మార్చినప్పుడల్లా ఆమె ప్రతి పేజీ తెరవాలి, కొత్త మాటలు పోయాలి, సర్దాలి, పీడీఎఫ్ చేయాలి, మూయాలి. నొక్కడమే పని. నొక్కి నొక్కి ఆమె కుడి మణికట్టు వాచేది. దానికి గుడ్డ కట్టుకునేది. ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండో కొస ఎడమ చేత్తో లాగి ముడి వేసుకునేది.

అది చూసినప్పుడల్లా నల్లతెరకు ప్రాణం ఉసూరుమనేది. నొప్పిగా ఉందా అని అడగాలనుకునేవాడు. ఆమె తల ఎత్తేది. అతని చూపు నేల మీదికి పోయేది.

"ఏమైనా పడిపోయిందా?" అనేది ఆమె.

"లేదండీ."

"రోజూ ఏదో వెతుకుతుంటారు. దొరికితే నాకూ చెప్పండి."

అడగలేక, అతను ఒక స్క్రిప్టు రాశాడు, అంటే కంప్యూటరుకు పనులన్నీ వరసగా చెప్పే రాత. ఆ నల్లటి కమాండ్ తెర మీద ఒక్క లైను కొడితే చాలు. సాఫ్ట్‌వేర్ కంటికి కనబడకుండానే నడుస్తుంది. పేజీ తెరుస్తుంది, మాటలు పోస్తుంది, పీడీఎఫ్ చేస్తుంది, తర్వాతి పేజీకి పోతుంది. ముందు ఆమెకే చూపించాలనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో లోలోపల అనుకుంటూ ఒకసారి నడిపి చూస్తున్నాడు. వెనక నుంచి ప్రెస్సు యజమాని వచ్చి నిలబడ్డాడు.

"ఏంటబ్బాయ్, అది తనంతట తానే చేస్తోందా?"

"అవును సార్."

"ఆసుపత్రి పుస్తకమంతా?"

"అవును సార్. ఆవిడ చెయ్యి..."

"మరింక ఆ అమ్మాయికి ఇక్కడేం పని?"

నల్లతెర కుర్చీలోంచి లేచాడు. అది కాదు సార్ అనేలోపు ఆయన ఫోన్ మోగింది. ఆయన మాట్లాడుకుంటూ షెడ్డు వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఆమె తన బల్ల సర్దుకుంటోంది. దువ్వెన, నీళ్ల సీసా, అక్షరాలు కొలిచే ప్లాస్టిక్ స్కేలు.

"అభినందనలు," అంది తలెత్తకుండా.

"దేనికండీ?"

"రెండు కుర్చీలూ మీవే అయినందుకు. ఇరుకుగా ఉంటే నాతో అనాల్సింది. నేనే జరిగేదాన్ని కదా."

"అలా కాదండీ. నేను..."

"ఊఁ? మీరు?"

అతని చూపు మళ్లీ నేల మీదికి పోయింది. ఆమె సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. బయట మబ్బు పట్టింది.

"ఆసుపత్రి వాళ్ల వ్యాన్ సాయంత్రం వస్తుంది. మధ్యాహ్నానికల్లా అచ్చు మిషనుకు ప్లేట్లు వేసెయ్యాలి," అన్నాడు యజమాని. "నీ కమాండ్ నడుపు."

నడిపాడు. చకచకా అయిపోయింది. ఒక్క తప్పూ చూపించలేదు. అతనికి మాత్రం లేవబుద్ధి కాలేదు. ఏం చేయాలో తెలియక పీడీఎఫ్‌లు ఒక్కొక్కటే చదువుతూ కూర్చున్నాడు. అవి ఆమె కట్టిన పేజీలు. ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో ఆమె పెట్టిందే.

జ్వరానికి పట్టే చుక్కల మందు పేజీ వచ్చింది. చివరి మాటలు చదివాడు. 'ఏడాది లోపు పిల్లలకు'. అంతే. అక్కడితో ఆగిపోయింది.

ఆసుపత్రి వాళ్లు పంపిన కాగితం తీసి చూశాడు. 'ఏడాది లోపు పిల్లలకు డాక్టరు చెప్పకుండా పట్టకూడదు.'

'పట్టకూడదు' అన్న మాటే పేజీలో లేదు.

సాఫ్ట్‌వేర్‌ను మామూలుగా తెరిచి, ఆ పేజీ తెర మీద పెట్టాడు. మాటలు పోసిన పెట్టె కింది మూలలో చిన్న ఎర్ర గుర్తు ఉంది. పెట్టెలో పట్టని మాటలు లోపలే దాక్కుంటాయి. అప్పుడు ఆ ఎర్ర గుర్తు వస్తుంది. ఆమె రోజూ దాన్ని చూసి సర్దేది. అతని కమాండ్ తెర తెరవదు. తెర లేకపోతే గుర్తు ఎవరికి కనబడుతుంది?

వెంటనే స్క్రిప్టులో ఇంకో మాట చేర్చాడు. ఏ పెట్టెలోనైనా మాటలు పట్టకపోతే అక్కడే ఆగు అని. మళ్లీ నడిపాడు. ఆగింది. కొంచెం ముందుకు పోయి మళ్లీ ఆగింది. మళ్లీ.

తనే సర్దబోయాడు. అక్షరాలు తగ్గిస్తే చీమల బారులా అయ్యాయి. లైన్లు దగ్గరికి లాగితే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చున్నాయి. ఏ మాట జరిపితే ఏ మాట పోతుందోనని మౌస్ వదిలేశాడు.

"అబ్బాయ్, ప్లేట్లు!" అని షెడ్డులోంచి కేక.

"వద్దు సార్! ఆపండి!" అంటూ పరిగెత్తాడు.

సంగతి విని యజమాని తల పట్టుకున్నాడు. "అంతా అదే చేస్తుందన్నావు కదయ్యా!"

"మాటలు పట్టలేదని చెప్పగలదు సార్. ఎలా పట్టించాలో దానికీ తెలీదు, నాకూ తెలీదు. ఆవిడ కావాలి."

"అయితే ఫోన్ చెయ్."

"చేశాను సార్. ఎత్తడం లేదు."

"ఎత్తకపోతే వెళ్లు! నా మొహం చూస్తూ నిలబడితే వస్తుందా?"

వాన మొదలైంది. అతను తడుస్తూనే వెళ్లాడు. పేజీలమ్మాయి వాళ్ల ఇల్లు ఒక చెప్పుల షాపు పై అంతస్తులో. మెట్లు ఎక్కగానే కుట్టుమిషను చప్పుడు. ఆమె తండ్రి టైలరు. మెడలో టేపు, నోట్లో గుండుసూది.

"ఎవరు బాబూ?"

"ప్రెస్సు నుంచండీ. కంప్యూటర్లు చూసే..."

ఆయన సూది తీసి దిండులో గుచ్చాడు. "ఆ నల్లతెరవి నువ్వేనా?"

"అవునండీ."

"వస్తే లోపలికి రానివ్వద్దంది మా అమ్మాయి."

"అలాగేనండీ." అతను గుమ్మం బయటే నిలబడ్డాడు. చూరు నీళ్లన్నీ నెత్తి మీదే పడుతున్నాయి.

ఆయన మిషను ముందు నుంచి లేచాడు. "రానివ్వద్దంది గానీ నానబెట్టమనలేదులే. ఇటు జరుగు. ఆ చొక్కా ఏంటి, బొత్తాలు ఒక కాజా తప్పి పెట్టావు? తల్లీ! ఎవరొచ్చారో చూడు!"

ఆమె లోపలి గది గుమ్మంలోకి వచ్చింది. "ఏం, నా దువ్వెన కూడా కావాలా?"

"పేజీలు ఆగిపోతున్నాయండీ."

"మీ కమాండ్‌నే అడగండి."

"అడిగాను. జ్వరం చుక్కల పేజీలో చివరి వాక్యం పోయింది."

ఆమె మొహం మారిపోయింది. "ఏడాది లోపు పిల్లలదా?"

"ఊఁ."

"ప్లేట్లు వేసేశారా?"

"ఆపించాను."

"నాన్నా, గొడుగేది?" అంది, అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేస్తూ.

గొడుగు ఒక్కటే ఉంది. అతను పట్టుకున్నాడు. దాన్ని ఆమె వైపే వంచి నడుస్తున్నాడు. అతని భుజం మీద వాన ధార కట్టింది.

"మీ వైపు కూడా కాస్త పెట్టుకోండి. జ్వరం వస్తే చుక్కలు పట్టాలా?"

"మీ చెయ్యి తడుస్తుందనండీ."

"నా చెయ్యా?"

"ఆ కట్టు తడిస్తే నొప్పి ఎక్కువవుతుంది కదా."

ఆమె నడక ఆపింది. "కట్టు చూశారా మీరు?"

"రోజూ చూస్తాను."

"రోజూ చూస్తూ ఒక్క మాట అడగలేదేం?"

"అడగడం చేతకాక కమాండ్ రాశాను. మీరు అన్నిసార్లు నొక్కక్కర్లేకుండా. మీకే చూపిద్దామనుకున్నాను. సార్ ముందు చూసేశారు."

ఒక సైకిలు నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.

"ఎవరైనా చెయ్యి నొప్పంటే మందు రాస్తారు," అంది ఆమె. "మీరు ఉద్యోగం ఊడగొట్టారు."

అతను తల దించుకున్నాడు. ఆమె ముందుకు నడిచింది. మూల తిరిగేటప్పుడు గొడుగు కర్ర పట్టుకుని నిటారుగా నిలబెట్టింది. ఇద్దరి భుజాలూ సగం సగం తడిశాయి.

ప్రెస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అతను కమాండ్ కొట్టేవాడు. ఆగగానే ఆమె ఆ పేజీ తెర మీద తెరిచేది. ఒక్క చూపు. ఇక్కడ బొమ్మ పైకి. అక్కడ రెండు చిన్న పేరాలు కలిపి ఒకటి. ఇంకోచోట మందు పేరు పెద్దగా ఉందని కాస్త తగ్గించింది. ఎర్ర గుర్తు పోయేది. అతను మళ్లీ నడిపేవాడు. తెరవడం, పోయడం, మూయడం కమాండ్ చేస్తోంది. ఆగిన పేజీలకే ఆమె చెయ్యి. యజమాని గోడ గడియారాన్ని, వాళ్లని మార్చి మార్చి చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

చివరికి కమాండ్ ఎక్కడా ఆగకుండా కొసదాకా పోయింది. అయినా నల్లతెరకు నమ్మకం కుదరలేదు. ఇద్దరూ ఆసుపత్రి కాగితాలతో పోల్చి ప్రతి పేజీ చివరి మాట పైకి చదివారు. జ్వరం చుక్కల పేజీ యజమాని లాక్కుని తనే చదివాడు.

"'డాక్టరు చెప్పకుండా పట్టకూడదు.' ఉంది." ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "ఉంది. అమ్మాయ్, రేపు..."

"రేపు?" అంది ఆమె. పక్కన అతను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే రా. ఎల్లుండీ రా. నువ్వు చూశాకే ఏ పేజీ అయినా షెడ్డులోకి వెళ్తుంది. నన్నలా చూడకు, పొరపాటు పడ్డాను."

ఆయన షెడ్డులోకి వెళ్లాడు. కాసేపటికి మిషను మొదలైంది.

అతను లేవలేదు. ఏదో టైపు చేశాడు, చెరిపాడు.

"ఇంకా ఏమైనా ఆగిందా?" అంది ఆమె.

"మీ నాన్నగారిని ఒక మాట అడగాలండీ."

"ఏం మాట?"

"అదే... మన సంగతి."

"మన సంగతా! మనకో సంగతుందా?" ఆమె కుర్చీ ఇటు తిప్పింది. "మళ్లీ నన్ను వదిలేసి ఇంకొకరి దగ్గరికే! ముందు నన్ను అడగండి."

అతను తెర వైపు చూస్తూ అడిగాడు. "నేనంటే మీకు ఇష్టమేనా?"

"అడిగింది నన్నా, కంప్యూటర్నా?"

అతను తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి ఆమె తల ఎత్తినా అతని చూపు నేల మీదికి పోలేదు. మళ్లీ అడిగాడు. మాట మధ్యలో ఆగలేదు.

ఆమె కట్టు కట్టిన కుడి చెయ్యి అతని ముందుకు చాపింది.

"ఇష్టమే," అంది. "చెయ్యి నొప్పి పుడుతోంది. ఈ ముడి కాస్త గట్టిగా వేస్తారా?"