జేబులో దాచిన రిపోర్టు

"విదేశీ ముఠా," అన్నాడు చీఫ్. "ల్యాబ్ సర్వర్‌లోకి చొరబడి లంగ్ కేన్సర్ పేషెంట్ల బయోమార్కర్ రిపోర్టులు మారుస్తోంది. ఏ జీన్‌లో మార్పు వచ్చిందో చెప్పే టెస్టు అది. దాన్నిబట్టే డాక్టర్లు మందు రాస్తారు. వీళ్లు అందరికీ ఒకే దొంగ రిపోర్టు పుట్టించి, నకిలీ టాబ్లెట్లు పంపుతున్నారు."

"ఎర ఎవరు సార్?"

"వెంకాయమ్మ. ఆగిరిపల్లిలో మామిడి తోట కూలీ. నాలుగో స్టేజి. ఇదిగో ఆవిడ అసలు రిపోర్టు. బయటపెడితే ముఠా పారిపోతుంది. పెట్టకు."

ఏజెంట్ కృష్ణకాంత్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మామిడి వ్యాపారి వేషంలో, చొక్కాకి పెన్ కెమెరాతో పన్నెండు రోజులు ఆ తోటల్లో తిరిగాడు. లోపలి జేబులో రిపోర్టు: ఏఎల్‌కే పాజిటివ్, అంటే ఆ పేరున్న జీన్‌లో మార్పుంది. దానికి పనిచేసే టాబ్లెట్ ఉంది. చెట్టు కింద కూర్చుని ఆమె దగ్గుతుంటే రోజూ విన్నాడు. రోజూ తల తిప్పుకున్నాడు.

పదమూడో రోజు పొద్దున్నే కాయల షెడ్డు ముందు కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర. సుప్రజ. ముఠాలో ముఖ్యురాలు, రహస్యంగా మన మనిషి.

"రసాలు పండాయా?"

"ఇంకా పులుపేనండీ."

కోడ్ కలిసింది.

"బాస్ కొరియర్ వేషంలో వెంకాయమ్మ ఇంటికెళ్లాడు. నకిలీ మందు చేతికిచ్చేస్తాడు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "అసలు రిపోర్టు ఎన్నాళ్లుగా నీ దగ్గరుంది?"

కృష్ణకాంత్ బైకెక్కాడు. వెనకాలే ఆమె కారు.

వాళ్లు ఇంటికి చేరేసరికి వెంకాయమ్మ టాబ్లెట్ నోటి దాకా తెచ్చింది. కృష్ణకాంత్ ఒక్క ఉదుటున దాన్ని ఎగరగొట్టాడు. కొరియర్ పిస్టల్ తీశాడు. వెనకనుంచి సుప్రజ కరెంటు షాకిచ్చే స్టన్ గన్ అతని మెడకి ఆనించింది. బాస్ కుప్పకూలాడు.

"ఏంటండీ ఇదంతా?" అడిగాడు వెంకాయమ్మ భర్త సాంబయ్య.

కృష్ణకాంత్ కాగితం తీసిచ్చాడు. "ఇదీ అసలు రిపోర్టు. దీనికి వేరే మందుంది. ఇప్పుడే విజయవాడ వెళ్దాం, డాక్టరుగారు చూస్తారు." "పన్నెండు రోజులుగా నా దగ్గరే ఉందండీ. వీణ్ణి పట్టుకోడానికి దాచాను."

సాంబయ్య కాగితం అందుకుని భార్య వైపు చూశాడు.

"మొన్న మంగళవారం ఊపిరాడక గిలగిల్లాడిపోయింది. మీరే మంచినీళ్లు తెచ్చిచ్చారు."

కృష్ణకాంత్ వెంకాయమ్మ చెయ్యి పట్టి సుప్రజ కారెక్కించాడు.

ఫోన్ మోగింది.

"శభాష్!" అన్నాడు చీఫ్. "మనవాళ్లెవరికైనా దెబ్బ తగిలిందా?"

"తగిలింది సార్. కాకపోతే, వెంకాయమ్మ కూడా మన మనిషేనని మనం లెక్కేసుకోలేదు."