సబ్బు అడుగున గుంట

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వీధి వైపు కిటికీ దగ్గర నిలబడింది బుల్లి. ఎదుటి కొట్టు అప్పుడే తెరిచారు. ముందు వరసలో గాజు అర, దాని కింద అద్దం. అర మీద పేర్చిన సబ్బుల అడుగు కూడా అద్దంలో కనిపిస్తుంది. పైన "తిప్పి చూసి కొనండి" అని పెద్ద అక్షరాలు. ఆ అద్దం ఆలోచన బుల్లిదే, అక్షరాలూ బుల్లివే.

ఒక ఇల్లాలు వచ్చి పక్క అరలోని ఆకుపచ్చ సబ్బు తీసింది. అలవాటుగా సంచిలో వేసుకోబోయి, అద్దం వైపు చూసి ఆగింది. కాగితం మీద నుంచే అడుగు తడిమింది. వేలికి గుంట తగిలింది. మూతి విరిచి దాన్ని ఉన్నచోటే పడేసి, గాజు అర మీది నిండు అడుగున్న సబ్బు తీసుకుంది.

ఆ ఆకుపచ్చ సబ్బు బుల్లి అన్నయ్యది. టీలో చక్కెర ఎక్కువైనంత తియ్యగా ఉంది బుల్లికి.

"మీ అన్నయ్య మీద కోపం సబ్బు మీద తీర్చుకుంటే చివరికి నురగే మిగులుతుంది" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మిగలనీండి. ఆ నురగ ఆయన కళ్లలో పడాలి."

నాన్న పెట్టిన సబ్బుల కార్ఖానా అది. ఊహ తెలిసినప్పటి నుంచి పైకాగితం మీద బొమ్మలు బుల్లి గీసినవే. నాన్న పోయాక అన్నయ్య పట్నపు ప్రకటనల వాళ్లను పిలిచాడు. వాళ్లందరి ముందు, "మా చెల్లివి పలక మీద పిల్లల బొమ్మలు, పక్కన పెట్టండి" అన్నాడు. అందరూ నవ్వారు. బుల్లి కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో ముల్లులాగే ఉంది.

ఆ తర్వాత ఆమె పోటీ కంపెనీలో చేరింది. అన్నయ్య సబ్బు కొత్త అచ్చులో వచ్చిన రోజే గుంట కనిపెట్టింది. పైకి పటారం, లోన లొటారం. సరుకు మింగి జనాన్ని మోసం చేస్తున్నాడనుకుంది. పగ తీర్చుకోవడానికి అంతకంటే మంచి దారి దొరకదని, కొట్లన్నిటిలో తన కంపెనీ సబ్బుల కింద అద్దాలు పెట్టించింది.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో అన్నయ్య, వెనకాల అమ్మ.

"కొట్లన్నీ సరుకు తిప్పి పంపుతున్నాయే" అన్నాడు అన్నయ్య, కూర్చోకుండానే. "నీ కడుపు చల్లబడిందా?"

"ఇంకా లేదు."

"ఇంటి పరువు అద్దంలో పెట్టి అమ్ముతావా?"

"అద్దం ఉన్నదే చూపిస్తుంది అన్నయ్యా. గుంట పెట్టింది నువ్వు."

అన్నయ్య నోరు తెరిచాడు. అమ్మ వైపు చూసి మూసుకున్నాడు. అమ్మ ఎవరి వంకా చూడలేదు.

"బస్సులో చేతులు మురికయ్యాయి, కడుక్కొస్తా" అంటూ పెరట్లోకి నడిచింది.

పంపు గట్టు మీద బుల్లి పనిచేసే కంపెనీ సబ్బు ఉంది. అమ్మ అందుకుంది. జారిపడింది. వంగి తీసింది. మళ్లీ జారింది. వేళ్లు కణుపుల దగ్గర వాచి, పక్కకు తిరిగిపోయి ఉన్నాయి. చివరికి రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని రుద్దుకోబోయింది. అదీ నిలవలేదు.

బుల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. కోపంతో పుట్టింటి గడప తొక్కడం మానేశాక అమ్మ చేతుల్ని చూడనేలేదు.

అమ్మ సంచిలోంచి అరిగిన ఆకుపచ్చ ముక్క తీసింది. బొటనవేలు సరిగ్గా గుంటలో కూర్చుంది. సబ్బు కదలలేదు.

"స్నానాల గదిలో సబ్బు జారితే, దాన్ని తీయబోయి పడ్డానే" అంది అమ్మ నెమ్మదిగా. "వీడు అప్పుడు ఈ అచ్చు చేయించాడు. ఎందుకో ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నా. మీ నాన్న కార్ఖానాలో ఏళ్లపాటు సబ్బులు కోసిన చేతులు ఇలా అయ్యాయని ఊరంతా చెప్పుకోవాలా?"

బుల్లి తన వెనకే వచ్చిన అన్నయ్య వైపు తిరిగింది. "అమ్మ పడిందని నాకెందుకు చెప్పలేదన్నయ్యా?"

"నువ్వు ఫోన్ ఎత్తితేగా." అన్నయ్య గుమ్మం పక్కన చతికిలబడ్డాడు. "గుంటలో సరుకు మిగిలిన మాట నిజమే. ధర తగ్గించలేదు. అది నా కక్కుర్తి. ఆ రోజు నవ్వింది కూడా నేనే ముందు."

బుల్లి అమ్మ తడి చేతులు తన కొంగులో పట్టుకుని తుడుస్తూ ఉండిపోయింది. కన్నీళ్లు ఆ వేళ్ల మీదే పడ్డాయి, మళ్లీ తుడిచింది.

"అద్దాలు తీయించమని మా వాళ్లకి చెబుతాను" అంది. "వినకపోతే మానేస్తాను."

"వద్దు, ఉండనీ" అన్నాడు అన్నయ్య. "ధర నేను తగ్గిస్తాను. గుంట ఎందుకో పైకాగితం మీద నువ్వు గీయి. అమ్మ ఒప్పుకుంటేనే."

ఇద్దరూ అమ్మ వైపు చూశారు. అమ్మ తన చేతులకేసి చూసుకుంది.

"గీయి" అంది. "కానీ నువ్వు నీ అలవాటు కొద్దీ అందంగా గీస్తావు. వేళ్లు తిన్నగా చేయకు బుల్లీ. ఉన్నవి ఉన్నట్టే ఉండనీ."