వెనక్కి వచ్చిన పెళ్లికొడుకు

"ఓ పిలగా! ఎనక కండ్లు లేవా? ఆపు, ఆపు!"

సీతారాములు బ్రేకు మీద దాదాపు నిలబడ్డాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ పెద్ద బండి వెనక భాగం దండెం తెంపేసింది. కట్టంగూరు నేతగాళ్ల వీధిలో ఆరేసిన నీలి నూలు కట్టలు నేలమీద పడ్డాయి. వాటి మధ్య నడుము మీద చేతులు పెట్టుకుని ఓ అమ్మాయి.

"ముందుకు పోవాల్సిన మనిషివి, ఎనక్కెందుకొస్తున్నవ్?"

"ముందుకు గేరు పడ్తలేదు. ఎనక్కే పోతాంది."

"ఏం బండి గది?"

"ఫారిన్‌ది. దీనికి క్లచ్ ఉండదు. గేర్లు దానంతట అదే వేసుకుంటది."

"వేసుకోలే గదా!"

చినుకులు మొదలయ్యాయి. ఒక చినుకు ఆమె కనురెప్ప మీద ఆగింది. అతని చూపూ అక్కడే ఆగింది.

తేరుకుని దిగి, కట్టలన్నీ ఏరి ఇచ్చాడు. పచ్చి రంగు చేతులకు అంటుకుంది. ఆమె నూలు లాక్కుని, ముసిముసిగా నవ్వుతూ ఎదురింట్లోకి పరుగెత్తింది.

"అరే, అదే దశరథం ఇల్లు! ఆ పిల్లే గావొచ్చు!" అన్నాడు బండిలోంచి తండ్రి లక్ష్మీనర్సయ్య.

నందికొండ డ్యాం పనికొచ్చిన దొర ఒకాయన తన దేశం పోతూ అమ్మిన బండి అది. ఇంటిల్లిపాదీ పడుతుందని లక్ష్మీనర్సయ్య ముచ్చటపడి కొన్నాడు. నల్గొండ నుంచి పెళ్లిచూపులకు అందులోనే బయలుదేరారు. తీరా ఊరి మలుపు దగ్గర ఇంజను గర్జించిందే గాని చక్రం కదల్లేదు. వేళ దాటిపోతుందని లక్ష్మీనర్సయ్య బండి వెనక భాగం ఊరివైపు తిప్పించి, వెనక్కే తోలించాడు.

లోపల ఆ అమ్మాయే, దశరథం కూతురు ఆండాళు, చాయ్ తెచ్చింది. గ్లాసు అందుకున్న నీలి చేతులు చూడగానే ఆమె బుగ్గల్లో నవ్వు ఆగలేదు.

సీతారాములు తల్లి సుభద్రమ్మ మాత్రం నవ్వలేదు. "ఎనక్కి తిరిగొచ్చిన కాడ శుభముండదయ్యా. పోదాం లేవుండ్రి."

దశరథం ముఖం వాడిపోయింది. ఆండాళు తలెత్తింది.

"జర ఆగుండ్రి అమ్మా. ముందుకు పోయే బండి ఉంటే ఎవలైనా వస్తరు. మీ పిలగాడు మెడ నొప్పి పెట్టంగ ఎనక్కి తోలుకుంటనన్న వచ్చిండు. గసొంటోన్ని వాపసు తీస్కపోతరా?"

"ఆండాళూ!" అని గదిమాడు దశరథం. లక్ష్మీనర్సయ్య నవ్వు పట్టలేక చాయ్ ఒలకబోసుకున్నాడు. సుభద్రమ్మ ఒకటే మాట అంది, "సీతారాములూ, బండి తియ్."

బయట వాన దంచి కొడుతోంది. సీతారాములు గేరు కర్ర ముందుకు వేశాడు. కదల్లేదు. వెనక్కి వేశాడు. ఈసారి అదీ పట్టలేదు. అతనికి ఎగిరి గంతెయ్యాలనిపించింది!

దశరథం పంపగా ఆండాళు గొడుగు పట్టుకుని వచ్చింది. "కదల్తలేదా, మీరే కదిలిస్తలేరా?"

అతను దిగి, వంగి బండి కిందికి చూశాడు. "గేర్ల నూనె కారిపోతాంది. అది లేకుంటే గేరు పట్టదు. నల్గొండ నుంచి తేవాలె."

"మరి ముఖం గట్ల ఎలిగిపోతాందేంది?"

"బండికి పట్టకుంటే పట్టకపోయె. నువ్వు ‘ఓ పిలగా’ అన్నప్పుడే నాకు పట్టింది."

"ఏం పట్టింది?"

"గేరు... కాదు, ప్రేమ!" తడిసిన ముఖం తుడుచుకున్నాడు. "అమ్మకు నేను చెప్త. ఇంకో పిల్లను చూడ పోను. నీకిష్టమేనా?"

"ఇష్టం లేకుంటే గంతమంది ముంగట నోరెందుకిప్పుత?"

మాటైతే అనేసింది గాని, సిగ్గుతో గొడుగు అతని వైపు వంచేసి తాను తడవసాగింది. అతను దాన్ని ఆమె వైపు తోశాడు. ఆమె మళ్లీ ఇటు తోసింది. ఇద్దరి మధ్యా గొడుగు ఊగుతుండగా ఇద్దరూ ముద్దగా తడిసిపోయారు.

గడపలో నిలబడి చూస్తున్న సుభద్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"ఓ కోడలా!" అని కేకేసింది. "సర్ది పడ్తది, వాన్ని లోపటికి తోల్కరా!"