గుండుసూదుల నింద

ఇలా దగ్గరికి జరగండి తల్లీ, చేతిలో పని కాసేపు పక్కన పెట్టండి. ఇది ఒక దర్జీ ఇంటి కోడలి కథ...

అత్తాకోడళ్లిద్దరూ ముందుగదిలో చెరో మిషనూ వేసుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేవారు. అంచులు మడిచేటప్పుడు గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకోవడం కోడలికి అలవాటు. నోట్లో సూదులుంటే మాటెలా వస్తుంది? ఏమడిగినా "ఊఁ" అనేది.

ఆమె కూతుర్ని అందరూ గువ్వ అనేవారు. మూడేళ్లు నిండినా ఆ పిల్ల "అమ్మా" అనలేదు. పిలిస్తే తిరిగి చూడదు. కావలసినదాన్ని వేలితో చూపదు. తల్లి మణికట్టు పట్టుకుని లాక్కుపోయి, ఆమె చేతిని ఆ వస్తువు మీద పెడుతుంది. రోజంతా గుండీలు వరసగా పేరుస్తుంది. ఒక్కటి పక్కకి జరిగినా గుక్కపట్టి ఏడుస్తుంది. ఇస్త్రీపెట్టె బుస్సుమంటే చెవులు మూసుకుంటుంది.

ఒకరోజు బట్టలివ్వడానికి వచ్చిన పొరుగావిడ, "పాప ఇంకా మాట్లాడట్లేదా?" అంది.

అత్తగారు కత్తెర ఆపకుండానే, "వాళ్లమ్మ నోట్లో ఎప్పుడు చూసినా సూదులే. మాట వింటే గదా మాట నేర్చేది!" అంది.

కోడలి చెయ్యి మిషను చక్రం మీదే ఆగిపోయింది. నా బిడ్డ గొంతు నేనే కుట్టేశానా... అనుకుంది. ఆ రోజు నుంచి సూది నోట పెట్టలేదు. స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ, గుడ్డ కత్తిరిస్తూ పిల్లతో మాట్లాడుతూనే ఉంది. నాలుగు నెలలకి ఆమె గొంతు బొంగురుపోయింది గానీ, గువ్వ పెదవి కదలలేదు. డాక్టరుకి చూపిద్దామని భర్త అంటే, "నా తప్పేనని తేలుతుందండీ" అని వెక్కివెక్కి ఏడ్చింది. చివరికి అత్తగారే బయల్దేరదీసింది, తన మాటే నిజమని డాక్టరు నోట వినాలని!

ఆసుపత్రిలో ముందు వినికిడి పరీక్ష చేశారు. చెవులు బాగున్నాయి. తర్వాత పిల్లల డాక్టరమ్మ గువ్వతో నేలమీద కూర్చుని ఆడింది, పేరు పెట్టి పిలిచి చూసింది, తల్లిని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. రెండోసారి వెళ్లినప్పుడు చెప్పింది.

"దీన్ని ఆటిజం అంటారమ్మా. జబ్బు కాదు, పాప మెదడు మొదటినుంచీ వేరే తీరులో ఎదుగుతోంది."

"సూదుల వల్లే గదా?" అని అత్తగారు అందుకుంది.

సంగతంతా విని డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "కాదు పెద్దమ్మా. తల్లి మాట్లాడకపోతే వచ్చేది కాదిది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

"మాటలు వస్తాయా?" అంది కోడలు, ఆ బొంగురు గొంతుతోనే.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. మాట రాకపోయినా, మనసులోది చెప్పే దారి నేర్పుదాం. ఈ వారమే మొదలుపెడదాం."

ఇల్లు చేరాక అత్తగారు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మీరు లోపలికి పదండి. నాకు పనుంది."

"ఎక్కడికత్తయ్యా?"

"నీమీద ఆ మాట ఎన్నిళ్లలో అన్నానో నాకు తెలుసు. అన్ని ఇళ్లకీ వెళ్లి, తప్పు నాదని చెప్పొస్తా. ముందు నీకే చెప్పాల్సింది... నీ మొహం చూడలేకపోతున్నానే తల్లీ."

ఆ మాట పెట్టిన కోత ఒక్క పూటలో మానేదా? అయినా కోడలు కళ్లు తుడుచుకుని, గువ్వని చంకనేసుకుంది.

"నేనూ వస్తా పదండి. ఆ జబ్బు... కాదు కాదు, ఆ పేరు మీకు నోరు తిరగదు."

ఇద్దరూ ఇంటింటికీ నడిచారు. ప్రతి ఇంట్లోనూ అత్తగారే ముందు నోరు విప్పింది.

ఈ కథ మరిచిపోకండమ్మా. పిలిస్తే పలకని బిడ్డని చూసి ఎవరైనా తల్లిని ఆడిపోసుకుంటుంటే, వాళ్లని కూర్చోబెట్టి ఇది చెప్పండి. చెప్పి, ఆ బిడ్డని డాక్టరుకి చూపించమనండి.