కాస్త జరుగు

వీధిలో అందరూ అతన్ని టేపు మేస్త్రి అనేవారు. నడుముకి వేలాడే కొలత టేపుని అన్నం తినేటప్పుడు కూడా తీసేవాడు కాదు. తలుపు చేసినా బీరువా చేసినా వెంట్రుకవాసి తేడా రాదని పేరు. అంత కొలిచే మనిషికి, సొంత ఇంట్లో పెళ్ళాం ఎంత చోటులో పడుకుంటోందో పదకొండేళ్ళపాటు కనపడలేదు.

షెడ్డు నిండితే చెక్కలు హాల్లోకి వచ్చాయి. హాలు నిండితే పడగ్గదిలోకి. వాన పడ్డ రోజున పలకలు తడవకూడదని మంచం మీదకే ఎక్కించేవాడు. "కాస్త జరుగు" అనేవాడు ఆవిడతో. ఆవిడ జరిగేది. ఆస్పత్రిలో నర్సు. పన్నెండు గంటలు నిలబడి వచ్చి, గోడకి అతుక్కుని పడుకునేది. ఒకరోజు పొద్దున్నే, "ఈ ఇంట్లో చెక్కకున్న చోటు నాకు లేదండీ" అని పెట్టె సర్దుకుని వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలలు హోటలు తిండి తిన్నాక మేస్త్రికి జ్ఞానోదయం అయింది. ఫోన్ చేసి బతిమాలితే ఆవిడ ఒక్క మాటే అడిగింది. "ఊరందరికీ చేసిపెట్టారు. నాకోసం ఏదైనా చేశారా?"

చేయలేదు. పెళ్ళైన కొత్తలో ఆవిడ అడవి పక్కన ఎక్కడైనా ఒక రాత్రి గడపాలని ముచ్చటపడేది. అది గుర్తొచ్చి, పాత ఇనుము కొట్టుకి వెళ్ళి, మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న చిన్న ట్రక్కు వెనక తొట్టి కొన్నాడు. దాని కింద రెండు చక్రాలు వేయించాడు. తన వ్యానుకి తగిలించుకుని లాక్కెళ్ళొచ్చు. పైన కమానులు కట్టి టార్పాలిన్ కప్పితే చిన్న గదే.

తొట్టి లోపల రెండు పక్కలా చెక్క బల్లలు, మధ్యలో నడిచే దారి. మేస్త్రి టేపు లాగాడు. ఈ బల్ల పద్దెనిమిది అంగుళాలు. దారి పద్దెనిమిది. ఆ బల్ల పద్దెనిమిది. దారి మీద పలక పరిస్తే ఇద్దరికి సరిపడా మంచం. ఎవరో తనకోసమే కొలిచి పెట్టారనుకున్నాడు.

"బల్లలు మీ ఇష్టం గానీ, ఆ మధ్యది మాత్రం కప్పకండి మేస్త్రీ" అన్నాడు కొట్టువాడు.

"ఏం?"

"దెబ్బలు తగిలినవాళ్ళలో కూర్చోగలిగినవాళ్ళు బల్లల మీద కూర్చుంటారు. కూర్చోలేనివాళ్ళని పడుకోబెట్టేది అక్కడే కదా."

వస్తువు అమ్మేశాక కబుర్లు చెప్పడం కొట్టువాళ్ళకి అలవాటే అని మేస్త్రి పట్టించుకోలేదు.

ఆ దారిలో పొడుగ్గా ఒక మరక ఉంది. ఆయిల్ మరక అనుకుని రెండు రోజులు తోమాడు. పోలేదు. సరే, పైన ఎలాగూ పలకే కదా అని పలక కొట్టాడు. మర్నాటికి మేకులు పైకి లేచి ఉన్నాయి. చెక్క పచ్చిదేమో అనుకుని, ఏడాది ఎండిన పలక తెచ్చి కొట్టాడు. అదీ లేచింది. అరచేతిలో మేకు దిగింది. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. చెక్కకి తను భయపడటమేమిటి? నాలుగంగుళాల స్క్రూలు పన్నెండు దించి, "ఇప్పుడు లే చూద్దాం" అన్నాడు.

పలక మళ్ళీ లేవలేదు. కానీ ఆ రోజు నుంచి తొట్టిలో అడుగుపెడితే చాలు, ఎవరో కోపంగా చూస్తున్నట్టు వీపు బిగుసుకునేది. పని తొందరగా ముగించాడు.

మేస్త్రి పిలిస్తే ఆవిడ వచ్చింది. తన పెట్టె కూడా తెచ్చి వ్యానులో పెట్టింది.

"ఈ రాత్రి బాగుంటే ఇటునుంచి ఇటే మన ఇంటికి వస్తాను. లేదంటే మళ్ళీ అక్క దగ్గరికే. ఇంకోసారి అడగొద్దు."

"ఆ మాట మళ్ళీ నా నోట రాదు. నీమీద ఒట్టు" అన్నాడు మేస్త్రి. ఏ మాటో ఇద్దరికీ తెలుసు.

దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు వ్యాను మూలిగింది. ఖాళీ తొట్టికి ఇంత బరువేమిటా అనుకున్నాడు. అడవి అంచున ఆపేసరికి చీకటి పడుతోంది. ఆవిడ లోపలికెక్కి పరుపు తడిమింది, చిన్న అల్మరా తెరిచి చూసింది. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు చూశాడు మేస్త్రి.

"మందునీళ్ళతో కడిగారా?" అంది ఆవిడ, ముక్కు ఎగబీలుస్తూ.

"లేదే."

"మా వార్డు వాసన వస్తోంది."

వాన మొదలైంది. ఎనిమిదికే వెనక తలుపు బిగించి పడుకున్నారు. ఎడమ పక్క అతను, కుడి పక్క ఆవిడ. టార్పాలిన్ మీద చినుకుల చప్పుడు. చెట్ల కొమ్మలు రాసుకునే చప్పుడు. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. మేస్త్రికి మగత కమ్ముతుండగా, చెవి పక్కనే…

"జరుగు."

బొంగురుగా, ఊపిరిలో కలిసిపోయేంత మెల్లగా. అతను సగం నిద్రలోనే నవ్వుకున్నాడు. ఆవిడ ఎప్పుడూ 'జరగండి' అనేది. ఎనిమిది నెలల కోపం ఆ 'అండి'ని ఊడగొట్టిందన్నమాట. పోనీలే, చనువే కదా. ఇన్నేళ్ళూ తను అన్న మాట, ఒక్కసారి ఆవిడ అంటే తప్పేముంది? సంతోషంగా జరిగాడు.

కాసేపటికి మళ్ళీ.

"జరుగు."

మళ్ళీ జరిగాడు. భుజానికి ఇనుప గోడ తగిలింది. మందునీళ్ళ వాసన ఎక్కువైంది. దాని అడుగున తడిసిన ఉన్ని వాసన… తుప్పు వాసన…

"జరుగు."

ఈసారి అడగడం కాదు. పళ్ళు కొరుకుతూ అన్నట్టుంది. మేస్త్రి పక్కకి ఒత్తిగిల్లి, వీపుని గోడకి ఆనించి, రెండు చేతులూ గుండెల మీద ముడుచుకున్నాడు. ఇంక జరగడానికి అంగుళం లేదు.

అప్పుడు వినిపించింది ఆవిడ ఏడుపు. దూరంగా. అవతలి గోడ దగ్గర నుంచి.

"ఏమైంది?" గుసగుసగా అడిగాడు.

"ఒట్టేశారు కదండీ. ఒక్క పూటైనా నిలబెట్టుకోలేదు."

"నేనేమన్నాను?"

"జరుగు, జరుగు అని నాలుగుసార్లు. పైగా చెయ్యి వేసి తోస్తున్నారు. ఇక్కడ ఇనుము తప్ప ఇంకేం లేదు నాకు."

 నేను అనలేదని చెప్పబోయాడు మేస్త్రి. నువ్వే అన్నావు కదా అనబోయాడు. ఆవిడ ఆగలేదు.

"తియ్యండి ముందు ఈ చెయ్యి" అంది ఆవిడ. పక్క కదిలింది.  ఆవిడ ఏడుపు ఆగిపోయింది.

"ఏమండీ…"

"ఊఁ."

"మీ నాడి అందడం లేదు."

మేస్త్రి చేతులు రెండూ తన గుండెల మీదే ఉన్నాయి. కింద గుండె దబదబా కొట్టుకుంటోంది.

"మెల్లగా వదిలెయ్" అన్నాడు.

"ఏది?"

"ఆ చెయ్యి… వదిలేసి… గోడ పట్టుకుని తలుపు దగ్గరికి జారు."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. వార్డులో అలవాటైన మనిషి. ఒక గోడ వెంట ఆవిడ… ఇంకో గోడ వెంట అతను… మధ్యలో పలక కిర్రుమంది. ఒక స్క్రూ ఊడి కింద పడింది. ఇంకొకటి. మేస్త్రి లెక్కపెట్టలేదు. గడియ తన్ని ఇద్దరూ వానలోకి దూకారు.

టార్చి లేదు. తడుముకుంటూ తొట్టిని వ్యాను నుంచి విడగొట్టాడు. అది అవతలికి తేలిగ్గా దొర్లిపోయింది. ఒక్క వేలితో తోసినా కదిలేంత తేలిగ్గా. ఆ తేడా ఆలోచించే తీరిక అప్పుడు లేదు.

వ్యానులో ముందు ముగ్గురు కూర్చునే ఒకటే పొడుగు సీటు. ఇంజిను మొదటిసారికే అందుకుంది. పెట్టె వెనక భద్రంగా ఉంది.

"అక్క దగ్గరికి వద్దు" అంది ఆవిడ, పళ్ళు టకటకలాడుతుంటే. "ఇంటికి పోనివ్వండి. మన ఇంటికే."

ఎనిమిది నెలలుగా వినాలనుకున్న మాట. మేస్త్రికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. రోడ్డు ఎక్కాక ధైర్యం తెచ్చుకుని పక్కకి చూశాడు. ఆవిడ అవతలి తలుపుకి అతుక్కుపోయి కూర్చుంది. తలుపు పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటున్నా కదలడం లేదు.

"అంత చివరికెందుకు? ఇటు దగ్గరికి రా."

ఆవిడ రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

"మీరే కదండీ… ఇప్పుడే జరగమన్నారు."

మేస్త్రి భుజం ఇవతలి తలుపుకి ఒత్తుకుని ఉంది. ఎప్పుడు జరిగాడో గుర్తులేదు. వాళ్ళిద్దరి మధ్య సీటు ఖాళీగా ఉంది. టేపుతో పని లేకుండానే తెలుస్తోంది, పద్దెనిమిది అంగుళాలు. ఆ ఖాళీలో రెక్సిను మెల్లమెల్లగా కిందికి కుంగుతోంది.